ఏడవ నిజాం విమానాలు, మన బేగంపేట

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రలో పేరున్న ఒకరి జీవితం గురించి వ్రాయమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, నేను వనపర్తి రాజుల మీద వ్రాస్తానని చాలామంది మిత్రులు అనుకొని ఉంటారు. ఆ రాజుల గురించి పెద్దలు ఇప్పటికే చాలా వ్రాసి ఉన్నారు. నేను ఎంచుకున్నది వారికి పైప్రభువైన ఏడవ నిజాం నవాబు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌ను. మన సంఘం గదిలో ఆయన పేరు వచ్చిందంటే టీ చల్లారిపోయేదాకా వాదన ఆగదు. ఒకరు ఆసుపత్రులు, చెరువులు, విశ్వవిద్యాలయం లెక్కపెడతారు. ఇంకొకరు వెట్టిని, రజాకార్లను గుర్తు చేస్తారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు కనుకనే ఆ వాదన తెగదు. దాన్ని తెంచే పని నేను పెట్టుకోలేదు. ఆయన జీవితంలో మనవారు అంతగా పట్టించుకోని పాయ ఒకటి ఉన్నది. అది విమానాల పాయ. ఆయన ఎవరిని నమ్మారు, ఎవరి సొమ్ము ఎక్కడ ఖర్చు పెట్టారు, చివరికి ఏమి దక్కింది అన్నది దాని వెంట నడిస్తే చక్కగా కనబడుతుంది.

ఉస్మాన్ అలీ ఖాన్ 1886వ సంవత్సరం ఏప్రిల్ 6వ తేదీన హైదరాబాదు పురానీ హవేలీలో జన్మించారు. తండ్రి ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్, జనం ముద్దుగా మహబూబ్ పాషా అని పిలుచుకున్న ప్రభువు. ఆయన 1911 ఆగస్టు 29న కాలం చేయగా, 25 ఏండ్ల వయస్సులో కుమారుడు గద్దెనెక్కారు. అప్పుడు హైదరాబాదు సంస్థానం జనాభా 1 కోటి 33 లక్షల పైచిలుకు. తెలుగు జిల్లాలు, మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు కలిసిన రాజ్యం అది. మన ప్రాంతమంతా ఆ రాజ్యంలో సంస్థానాల కింద ఉండేది. గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత, గోపాలుపేట రాజులు నిజాముకు పేష్కష్ చెల్లించి తమ ఏలుబడి సాగించుకునేవారు. మన వనపర్తికి నిజాం సైన్యంతో ఇంకొక బంధం కూడా ఉన్నది. వనపర్తి రాజులు ఆఫ్రికా నుండి వచ్చిన సిద్దీలతో పెంచిన అశ్వదళం 19వ శతాబ్దిలో నిజాం కొలువుకు చేరింది. వారు నివాసమున్న చోటే నేడు హైదరాబాదులో ఏ.సీ. గార్డ్స్. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అన్నది పూర్తి పేరు. పింఛను పనుల మీద మాసాబ్ ట్యాంకు వైపు ఎన్నిసార్లు తిరిగినా, ఆ రెండక్షరాల వెనుక మన ఊరు ఉన్నదని చాలామందికి తెలియదు.

గద్దెనెక్కిన మూడేండ్లకే 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఇంగ్లీషువారికి టర్కీ సుల్తాను శత్రువు. ఆ సుల్తాను ముస్లిములకు ఖలీఫా కూడా. హిందూస్థానంలోని ముస్లిములు ఎటు మొగ్గుతారోనని ఢిల్లీ ప్రభుత్వానికి దిగులు పట్టుకున్నది. ఆ సమయంలో దేశంలోకెల్లా పెద్ద ముస్లిం ప్రభువైన నిజాం, ఇంగ్లీషువారి పక్షానే నిలవవలసిందిగా తన మతస్థులకు ప్రకటన ఇచ్చారు. మాటతో పాటు ధనమూ ఇచ్చారు. హైదరాబాదు లాన్సర్లు అనే గుర్రపు దళం, దక్కన్ హార్స్ దళాల ఖర్చులకు మొదటి విడతగానే 60 లక్షల రూపాయలు సమర్పించారు. ఆ లాన్సర్లు పాలస్తీనా రణరంగంలో పనిచేశారు. ఢిల్లీలో తీన్‌మూర్తి కూడలిలో నిలబడిన మూడు కంచు విగ్రహాలలో ఒకటి హైదరాబాదు సైనికునికి, తక్కినవి మైసూరు, జోధ్‌పూర్ సైనికులకు గుర్తు.

విమానాల కథ ఇక్కడే మొదలవుతుంది. ఇంగ్లాండులో 1917 నవంబరులో 110వ నెంబరు విమాన దళం ఏర్పడింది. దానికి డీ.హెచ్. 9ఏ అనే కొత్తరకం బాంబరు విమానాలు ఇవ్వదలచారు. రెండు రెక్కలు ఒకదాని పైన ఒకటి, కొయ్య చట్రం, దాని మీద బిగించిన బట్ట, ముందు భాగాన 400 గుర్రాల బలం గల అమెరికా ఇంజను. ఒకరు నడిపేవారు, వెనుక మరొకరు తుపాకీ పట్టుకొని కూర్చునేవారు. ఈ రకం విమానాలతో యుద్ధానికి వెళ్ళిన మొట్టమొదటి దళం ఇదే. ఆ విమానాల ఖరీదు చెల్లించింది హైదరాబాదు నిజాం. అందుకని ప్రతి విమానం పక్కన ఇది నిజాం కానుక అని, హైదరాబాదు అని, దాని వరుస సంఖ్యతో సహా రంగుతో వ్రాయించారు. దళం పేరే హైదరాబాదు స్క్వాడ్రన్ అయింది.

1918 సెప్టెంబరు మొదట్లో ఈ దళం ఫ్రాన్సు తూర్పు భాగంలోని బెత్తాంకూర్ అనే పల్లెటూరి మైదానం చేరింది. అక్కడి నుండి పగటిపూట జర్మనీ లోపలికి పోయి పట్టణాల మీద, రైల్వే స్టేషన్ల మీద బాంబులు వేయడం వారి పని. యుద్ధం నవంబరు 11న ముగిసింది. అంటే వారు పనిచేసింది గట్టిగా రెండు మాసాలు. ఆ రెండు మాసాలలోనే 17 విమానాలు శత్రువు చేతిలో పోయాయి. ప్రమాదాలలో విరిగినవి ఇంకా ఎక్కువ. అన్నీ కలిపి వేసిన బాంబులు పదిన్నర టన్నులు. ఖర్చుకూ ఫలితానికీ పొత్తు కుదరని లెక్క. మన ఆడిట్ వారి కంట పడితే అభ్యంతరం వ్రాయక మానరు.

అక్టోబరు 5న కూలిన ఒక విమానం సంగతి మాత్రం విచిత్రమైనది. దాని నెంబరు ఎఫ్ 1010. అది జర్మనుల చేతికి చిక్కింది. అందులోని ఇద్దరూ ప్రాణాలతో ఖైదు అయ్యారు. జర్మనులు ఆ విమానాన్ని జయచిహ్నంగా దాచి, బెర్లిన్ మ్యూజియంలో పెట్టారు. రెండవ యుద్ధంలో బెర్లిన్ మీద బాంబులు పడుతుంటే దాన్ని పోలండు ప్రాంతానికి తరలించారు. యుద్ధం తరువాత అది క్రాకో నగరంలో రెక్కలు లేకుండా ఉండిపోయింది. 1977లో ఇంగ్లాండు వారు పోలండుకు ఒక స్పిట్‌ఫైర్ విమానం ఇచ్చి బదులుగా దీన్ని తెచ్చుకున్నారు. రెక్కలు కొత్తగా చేయించి లండన్‌లో హెండన్ వద్ద ఉన్న వైమానిక దళ మ్యూజియంలో నిలబెట్టారు. హైదరాబాదు పేరు, నిజాం పేరు దాని మీద ఇప్పటికీ చదువుకోవచ్చు. మన సభ్యులలో కొడుకులు, కూతుళ్ళు లండన్‌లో ఉన్నవారు అక్కడికి పోయినప్పుడు తప్పక చూడండి.

ఈ సేవలకు ప్రతిఫలంగా 1918 జనవరిలో నిజాముకు రెండు బిరుదులు వచ్చాయి. ఒకటి, తక్కిన రాజులందరి కన్న ఒక మెట్టు పైన ఉండే హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్. రెండవది, బ్రిటిషు ప్రభుత్వానికి విశ్వాసపాత్రుడైన మిత్రుడు అన్నది. ఈ రెండవ బిరుదును నిజాం ఎంతగా నమ్మారో చెప్పాలంటే బీరారు సంగతి చెప్పాలి. పత్తి పండే ఆ సంపన్న జిల్లాలను 1853లో సైన్యం ఖర్చు బకాయిల కింద ఇంగ్లీషువారు తమ పరిపాలనలోకి తీసుకున్నారు. 1902లో శాశ్వత కౌలు పేరుతో వాటిని తమ వద్దే ఉంచుకున్నారు. యుద్ధంలో ఇంత చేశాను గదా, మిత్రుడని బిరుదు కూడా ఇచ్చారు గదా అని నిజాం 1923లో బీరారు తిరిగి ఇవ్వవలసిందిగా అర్జీ పెట్టారు. 1926లో వైస్రాయి లార్డ్ రీడింగ్ పంపిన జవాబులో బీరారు ఇవ్వకపోవడమే కాక, ఇంగ్లీషు ప్రభుత్వంతో సమానంగా కూర్చొని వాదించే హక్కు ఏ సంస్థానాధీశునికీ లేదని తేల్చారు. 1936 ఒప్పందంలో బీరారు మీద నిజాముకు పేరుకు సార్వభౌమత్వం ఒప్పుకొని, పెద్ద కుమారునికి బీరారు యువరాజు అనే బిరుదు ఇచ్చారు. జిల్లాలు మాత్రం వారి చేతిలోనే ఉండిపోయాయి. అర్జీ ఇచ్చి పదమూడేండ్లు తిరిగాక బకాయి బదులు బిరుదు చేతికివ్వడం ఎలా ఉంటుందో, ఆఫీసుల చుట్టూ తిరిగిన మనవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇంతలో రాజ్యంలో ఆయన చేయించిన పనులు మనకు తెలిసినవే. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం, 1908 మూసీ వరదల గుణపాఠంతో 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్, 1931లో నిజాం సాగర్ వచ్చాయి. కంపెనీ చేతిలోని రైల్వేను 1930లో ప్రభుత్వం కొనివేసింది. 1932లో అదే రైల్వే శాఖ కింద 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. మన ఆర్టీసీకి మూలపురుషులు ఆ 166 మందే.

రైలు, బస్సు తరువాత వంతు విమానానిది. 1930 దశకంలో హైదరాబాదు ఏరో క్లబ్బు వెలసింది. సికింద్రాబాదు పక్కనే ఉన్న బేగంపేట మైదానం దాని చోటు. 1937లో అక్కడ ప్రయాణికులకు ఒక భవనం కట్టించారు. నిజాం పాలనకు 25 ఏండ్లు నిండిన ఉత్సవాలు జరిపిన సంవత్సరం అదే. అమెరికా టైమ్ పత్రిక ఆయన్ను ప్రపంచంలో అత్యంత ధనవంతునిగా ముఖచిత్రం వేసిందీ ఆ ఫిబ్రవరిలోనే. ఆ ధనవంతుడు పాత టోపీ, నలిగిన షేర్వాణీ, చవక సిగరెట్లతో కాలం గడిపేవారని, 184 కారట్ల జాకబ్ వజ్రాన్ని కాగితాల మీద బరువుగా పెట్టుకున్నారని కథలు ప్రచారంలో ఉన్నాయి. వజ్రం సంగతి నిజమే. 1995లో భారత ప్రభుత్వం నిజాం నగలతో పాటు దాన్ని 218 కోట్లకు కొన్నది. తన ఒంటి మీద పైసా ఖర్చు పెట్టుకోని మనిషి ఇంగ్లీషువారి విమానాలకు మాత్రం చేయి విప్పి ఎందుకిచ్చారన్నది ఆలోచించవలసిన విషయం. నాకు తోచినంతలో అది దానం కాదు. బీరారు కొరకు, తన రాజ్యానికి ప్రత్యేక హోదా కొరకు కట్టిన కిస్తు.

1939 సెప్టెంబరులో రెండవ యుద్ధం మొదలయింది. ఇంగ్లాండు యుద్ధం ప్రకటించిన మరునాడే, సెప్టెంబరు 4న జర్మనీ యుద్ధనౌకల మీద బాంబులు వేయడానికి పోయిన దళాలలో ముందున్నది మన 110వ హైదరాబాదు దళమే. 1919లో రద్దయిన దాన్ని యుద్ధానికి రెండేండ్ల ముందు తిరిగి నిలబెట్టి, బ్లెన్‌హైమ్ విమానాలు ఇచ్చి ఉంచారు. నిజాం మళ్ళీ విరాళాలు పంపగా మరి రెండు దళాలకు హైదరాబాదు పేరు వచ్చింది. 152వ దళం స్పిట్‌ఫైర్ విమానాలతో 1940లో ఇంగ్లాండు దక్షిణ తీరాన్ని, అక్కడి నౌకాస్థావరాన్ని కాచింది. 253వ దళం హరికేన్ విమానాలతో లండన్ దగ్గర పోరాడింది. 152వ దళం ముద్రలో ఉన్న బొమ్మ నిజాం తలపాగా, అనగా దస్తార్. దాని కింద వ్రాసుకున్న ధ్యేయవాక్యం సాక్షాత్తు ఆ విశ్వాసపాత్రుడైన మిత్రుడన్న బిరుదే. ఆకాశంలో పోట్లాడిన ఇంగ్లీషు కుర్రవాళ్ళలో ఆ తలపాగా ఎవరిదో ఎందరికి తెలుసునో! ఆ దళం తరువాత ఉత్తర ఆఫ్రికా, మాల్టా, ఇటలీ తిరిగి, 1943 చివర మన దేశానికే వచ్చి, ఇంఫాల్, బర్మా రంగంలో జపాను వారితో తలపడింది. 110వ దళం కూడా 1942లో ఈ వైపు వచ్చింది. ఇవి చాలవన్నట్లు ఆస్ట్రేలియా నౌకాదళంలో నిజాం అనే పేరుగల యుద్ధనౌక 1941లో చేరింది. దాని ఖర్చులోనూ ఆయన విరాళం ఉన్నది. 1945 సెప్టెంబరు 2న జపాను లొంగుబాటు పత్రం మీద సంతకాలు చేస్తున్నప్పుడు టోక్యో అఖాతంలో లంగరు వేసిన ఓడలలో అదీ ఒకటి.

బేగంపేట కూడా యుద్ధంలోకి దిగింది. ఏరో క్లబ్బు మైదానం మీద వైమానిక దళానికి కావలసిన కుర్రవాళ్ళకు మొదటి పాఠాలు నేర్పే ఎలిమెంటరీ ఫ్లయింగ్ ట్రైనింగ్ స్కూలు నడిచింది. టైగర్ మాత్ అనే చిన్న రెండు రెక్కల విమానం వారి బడి పలక. అందులో ఒంటరిగా ఎగరడం వచ్చాకనే తరువాతి శిక్షణకు ఉత్తరాదికి పంపేవారు. దక్కను పీఠభూమిలో ఆకాశం ఏడాదిలో ఎక్కువ రోజులు నిర్మలంగా ఉండటం, కొండలు అడ్డం లేకపోవడం, సముద్ర తీరానికి దూరంగా శత్రువు విమానాలకు అందకుండా ఉండటం ఈ ఎన్నికకు కారణాలు. సరిగ్గా ఇవే కారణాలతో హకీంపేటలో, బీదరులో కూడా యుద్ధకాలంలోనే మైదానాలు తయారయ్యాయి. వరంగల్లు మామునూరులో అంతకు ముందే ఒకటి ఉన్నది. ఆ విధంగా ఈ రాజ్యానికి నాలుగు పెద్ద విమాన మైదానాలు అమరాయి.

ఇక ఈ ఖర్చు ఎవరిది అన్న ప్రశ్న. యుద్ధకాలంలో రైతుల నుండి లెవీ ధాన్యం వసూలు చేసేవారు. పంట పండినా పండకున్నా కొలవవలసిందే. మా నాన్నగారు సంస్థానం గ్రామంలో పట్వారీ వద్ద లెక్కలు వ్రాసే పని చేసేవారు. గింజలు లేక, ఇంట్లో విత్తనాల గరిసె ఊడ్చి తెచ్చి కొలిచిన రైతుల గురించి ఆయన చెప్పేవారు. చిన్న రైతు దగ్గర కొలిపించినంత గట్టిగా గడీలో కొలిపించేవారు కాదని కూడా చెప్పేవారు. ఆ రైతుకు స్పిట్‌ఫైర్ అంటే ఏమిటో తెలియదు. హైదరాబాదు పేరు మోసుకొని ఎక్కడో సముద్రం మీద ఎగిరే విమానంలో తన హాలీ సిక్కా కూడా ఉన్నదని తెలియదు. ఉస్మానియా ఆసుపత్రిని లెక్కపెట్టేవారు ఈ పద్దు కూడా లెక్కలోకి తీసుకోవాలని నా అభిప్రాయం.

యుద్ధం ముగిసే నాటికి నిజాం ప్రభుత్వం టాటా విమాన సంస్థతో కలిసి 1945లో దక్కన్ ఎయిర్‌వేస్ స్థాపించింది. యుద్ధంలో మిగిలిన డకోటా విమానాలు ప్రయాణికుల సేవకు వచ్చాయి. ఎన్నో కంపెనీలు ఆడపిల్ల అని త్రోసిపుచ్చిన ప్రేమ్ మాథుర్‌కు పైలట్ ఉద్యోగం ఇచ్చింది ఈ దక్కన్ ఎయిర్‌వేసే. మన దేశంలో ప్రయాణికుల విమానం నడిపిన మొదటి మహిళ ఆమె. 1953లో తక్కిన ప్రైవేటు కంపెనీలతో పాటు ఇదీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

1947 వచ్చింది. ఇంగ్లీషువారు వెళ్ళిపోతున్నారు. జూన్‌లో నిజాం తాను ఏ పక్షానా చేరనని, స్వతంత్రంగా ఉంటానని ఫర్మానా జారీ చేశారు. విశ్వాసపాత్రుడైన మిత్రుడికి ఇంగ్లాండు ఏదో ఒక హోదా ఇచ్చి నిలబెడుతుందని చివరిదాకా ఆశించారు. ఇంగ్లాండు ఇవ్వలేదు. రెండు యుద్ధాల విమానాలు, ఓడ, కోట్ల రూపాయలు ఏవీ లెక్కకు రాలేదు. నవంబరు 29న భారత ప్రభుత్వంతో ఏడాది పాటు యథాతథ ఒడంబడిక కుదిరింది గాని, ఊళ్ళలో శాంతి లేదు. ఒకవైపు కాసిం రజ్వీ రజాకార్ల ఆగడాలు, మరొకవైపు భూమి కొరకు సాయుధ పోరాటం. 1948 ఆగస్టులో భైరాన్‌పల్లిలో జరిగిన ఘోరం ఇప్పటికీ ఆ ఊరి వారి నోట వినవచ్చు. వీటిని ఆపగల అధికారం ఉన్నవాడు నిజాం ఒక్కడే. ఆయన ఆపలేదు. ఆపలేకపోయారని వాదించేవారు ఉన్నారు. ఫర్మానా మీద ఫర్మానా జారీచేసి 37 ఏండ్లు ఏలిన వానికి ఈ ఒక్క ఫర్మానా కష్టమా అన్నది నా ప్రశ్న.

ఈ రోజుల్లోనే ఆ విమాన మైదానాలు ఇంకొక పనికి ఉపయోగపడ్డాయి. భారత ప్రభుత్వం హైదరాబాదుకు ఆయుధాలు చేరకుండా దిగ్బంధం చేసింది. అప్పుడు సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుండి లాంకాస్ట్రియన్ విమానాలలో రాత్రివేళ ఆయుధాలు నింపుకొని, భారత భూభాగం మీదుగా ఎగిరివచ్చి బీదరు, వరంగల్లు మైదానాలలో దింపేవాడు. ఈయన సామాన్యుడు కాడు. మొదటి యుద్ధంలో వైమానికులు చలికి తాళడానికి ప్రత్యేకమైన దుస్తులు కనిపెట్టినవాడు. రెండవ యుద్ధానికి ముందు జర్మనీ మీద రహస్యంగా ఫోటోలు తీసినవాడు. ఇంత చేసినా ఈ హైదరాబాదు వ్యవహారంలో ఇంగ్లాండు కోర్టు ఆయనకు వేసిన జుల్మానా 200 పౌన్లు మాత్రమే.

1948 సెప్టెంబరు 13 తెల్లవారుజామున భారత సైన్యం నాలుగు వైపుల నుండి ప్రవేశించింది. పూనా నుండి బయలుదేరిన టెంపెస్ట్ విమానాలు సైన్యానికి పైనుండి తోడుగా వచ్చాయి. బీదరు, వరంగల్లు మైదానాల మీద బాంబులు వేసి, కాటన్ విమానాలు దిగకుండా చేశాయి. మన విమానాలకు ఎదురుగా నిజాం పక్షాన ఒక్క యుద్ధ విమానమూ లేవలేదు. ఇతరుల యుద్ధాలకు మూడు దళాలకు దళాలు సమకూర్చిన ప్రభువుకు, తన యుద్ధానికి ఒక్క విమానం లేదు. అయిదు రోజులలో, 17వ తేదీ సాయంత్రం ఆయన రేడియోలో కాల్పుల విరమణ ప్రకటించారు. మరునాడు సేనాధిపతి ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరికి లొంగిపోయారు. ఆ తరువాత కొన్ని వారాల పాటు మరాఠ్వాడా వైపు, బీదరు వైపు అమాయక ముస్లిములు వేల సంఖ్యలో చనిపోయారన్నది కూడా చరిత్రే. దాన్ని వదిలివేసి వ్రాయడం నాకు ఇష్టం లేదు.

1949 ఫిబ్రవరిలో ఉపప్రధాని సర్దార్ వల్లభభాయ్ పటేల్ హైదరాబాదు వచ్చారు. విమానం దిగింది బేగంపేటలో. నిజాం స్వయంగా అక్కడికి వెళ్ళి ఎదురుచూశారు. పటేల్ దిగిరాగానే రెండు చేతులు జోడించి నమస్కరించారు. ఆ ఫోటో అందరూ చూసినదే. ఢిల్లీ నుండి వచ్చిన వారిని తన వద్దకు రప్పించుకున్నవాడే గాని, తాను ఎదురేగి స్వాగతం చెప్పడం ఆయనకు అలవాటు లేని పని. దాన్ని అవమానమని కొందరు, వివేకమని కొందరు అంటారు. ఆ సమయానికి ఆయన వయస్సు 63కు దగ్గర. ఓడినవాడు ప్రాణభయంతో దేశం విడిచి పోలేదు, ఇక్కడే ఉండి కొత్త ప్రభుత్వానికి చేయి జోడించాడు. నేను వివేకమనే అంటాను.

ఆ ఏడు ఆగస్టులో జాగీర్దారీ రద్దయింది. వనపర్తి, గద్వాల సంస్థానాల ఏలుబడి కూడా ఆ ఊపులోనే ముగిసింది. వనపర్తి రాజప్రాసాదంలో 1959లో పాలిటెక్నిక్ కళాశాల మొదలయింది. నిజాముకు ఏటా 50 లక్షల రాజభరణం ఏర్పాటు చేశారు. 1950 జనవరి 26 నుండి 1956 అక్టోబరు 31 వరకు ఆయన హైదరాబాదు రాష్ట్రానికి రాజప్రముఖ్. మన ఉద్యోగుల భాషలో చెప్పాలంటే ఆయనకు అది ఆఖరి పోస్టింగు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడడంతో ఆ పదవీ ముగిసింది. తరువాత కింగ్ కోఠీలోనే ఉన్నారు. ధర్మసంస్థలు నెలకొల్పారు. 1964లో పంజాగుట్టలో ఎముకల ఆసుపత్రి తెరిచారు, నేటి నిమ్స్ దాని నుండి పెరిగినదే.

1965లో పాకిస్తానుతో యుద్ధం తరువాత ఆయన 5 వేల కిలోల బంగారం దేశానికి దానం చేశారని, ఇనుప పెట్టెలు మాత్రం తిరిగి అడిగారని ఒక కథ వాట్సాప్‌లో తిరుగుతూ ఉన్నది. మన సభ్యులు కూడా నాకు పంపుతుంటారు. అసలు జరిగినది వేరు. ప్రభుత్వం జారీ చేసిన జాతీయ రక్షణ బంగారు బాండ్లలో ఆయన 425 కిలోల బంగారం పెట్టుబడి పెట్టారు. ఆ డిసెంబరులో హైదరాబాదు వచ్చిన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి అందుకు అభినందించారు కూడా. డిపాజిట్‌కూ చందాకూ తేడా పింఛనుదారులకు తెలియనిది కాదు. 425 కిలోలు తక్కువ ఏమీ కాదు, దానికి ఇంకో 4,575 కిలోలు కలిపి చెప్పవలసిన అవసరం ఏమున్నది?

1967 ఫిబ్రవరి 24న, 80 ఏండ్ల వయస్సులో నిజాం కింగ్ కోఠీలో కన్నుమూశారు. ఎదురుగా ఉన్న మస్జిదె జూదీలో, తల్లి సమాధి పక్కన ఖననం చేశారు. లక్షలాది జనం తరలివచ్చారు. వారిలో హిందువులు, ముస్లిములు అన్న తేడా లేదు. ఆయన పేరున ఒక దస్త్రం మాత్రం మూసుకోలేదు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు ప్రభుత్వ ఖాతా నుండి 10 లక్షల పౌన్ల పైచిలుకు సొమ్ము లండన్‌లో పాకిస్తాను హైకమిషనరు పేరుకు బదిలీ అయింది. అది తనకు తెలియకుండా జరిగిందని, తిరిగి ఇప్పించమని నిజాం బ్యాంకును అడిగారు. బ్యాంకు ఎవరికీ ఇవ్వకుండా పట్టి ఉంచింది. 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు అది భారత ప్రభుత్వానికి, నిజాం వారసులకు చెందుతుందని తీర్పు చెప్పే నాటికి వడ్డీతో సహా 3 కోట్ల 50 లక్షల పౌన్లయింది. 71 ఏండ్ల పెండింగు.

ఇక ఆ మైదానాల సంగతి. హకీంపేట భారత వైమానిక దళానికి వచ్చి, జెట్ విమానాల శిక్షణకు, తరువాత హెలికాప్టరు శిక్షణకు కేంద్రమయింది. బొల్లారం రాష్ట్రపతి నిలయానికి విడిదికి వచ్చే రాష్ట్రపతులు దిగేదీ అక్కడే. 1962 చైనా యుద్ధం తరువాత పైలట్ల అవసరం పెరగగా, 1963 నుండి బీదరులో శిక్షణ మొదలయింది. ఇప్పుడు ఆ జిల్లా కర్ణాటకలో ఉన్నది. మామునూరు మాత్రం దశాబ్దాల తరబడి ఖాళీగా పడి ఉండగా, 2025లో తిరిగి తెరవడానికి కేంద్రం అనుమతి ఇచ్చింది. బేగంపేటలో వైమానిక దళ స్థావరం ఒక పక్క, ప్రయాణికుల విమానాశ్రయం ఒక పక్క పెరిగాయి. 2008 మార్చి 23న శంషాబాదు తెరవడంతో ప్రయాణికుల విమానాలు అక్కడికి మారాయి. రెండేండ్లకొకసారి విమానాల ప్రదర్శన మాత్రం బేగంపేటలోనే జరుగుతున్నది.

నిజాం మరణించిన సంవత్సరమే, 1967 అక్టోబరు 11న, రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ హైదరాబాదుకు ఉత్తరాన దుండిగల్లులో వైమానిక దళ అకాడమీకి శంకుస్థాపన చేశారు. ఆయన కూడా 1897లో హైదరాబాదులో పుట్టినవారే. 1971 జనవరిలో అకాడమీ ప్రారంభమయింది. వైమానిక దళంలో విమానం నడపబోయే అధికారి ఎవరైనా పట్టా పుచ్చుకునేది అక్కడి కవాతు మైదానంలోనే. 2016 జూన్ 18న ఆ మైదానంలో అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ అనే ముగ్గురు యువతులు దేశంలో మొదటి మహిళా యుద్ధ విమాన పైలట్లుగా చేరారు. కిరణ్ విమానాల మీద శిక్షణ వారు హకీంపేటలో పొందారు. పట్టా తరువాత హాక్ జెట్ విమానాలు నేర్చుకోవడానికి వారిని పంపినది బీదరుకు.